మూడో పిన్ను

(కావలిలో జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో ఒక ఎలక్ట్రికల్ మెకానిక్ ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, వెనక గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్లకు నమస్కారం. ఎమ్మెల్యే గారికి కూడా చెప్పాలి గానీ ఆయన జ్యోతి వెలిగించి వేరే ప్రోగ్రాముకు వెళ్లిపోయారు. తప్పు పట్టను, ఇవాళ ఇలాంటివి ఆయనకు ఇంకెన్ని ఉన్నాయో.

నాకిచ్చిన అంశం 'టెక్నాలజీ, వినియోగదారుడి భద్రత'. చట్టం గురించి లాయరు గారు ఇందాక వివరంగా చెప్పారు కాబట్టి గబగబా దాటేస్తా. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, అందుకే ఈ సభ. ఇప్పుడున్నది 2019 చట్టం, 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఐదు లక్షల లోపు కొన్నదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రాసుకున్నారా? సరే.

ఇప్పుడు నేను చెప్పడానికొచ్చిన సంగతి. ప్లగ్గుకు మూడో పిన్ను ఉంటుంది చూశారా, పైన, లావుగా, మిగతా రెండిటికన్నా పొడుగ్గా? అదే ఎర్త్ పిన్ను, దారితప్పిన కరెంటును భూమిలోకి పంపేది. నేను కావలిలో మిక్సీలు, గ్రైండర్లు, వాషింగ్ మిషన్లు బాగుచేసుకుని బతికేవాణ్ని. ఆ పిన్నును కొందరు కట్టర్‌తో కోసేస్తారు, రెండు బొక్కల బోర్డులో పట్టడం లేదని. పొడుగ్గా ఎందుకు పెట్టారంటే, ప్లగ్గు దూర్చేటప్పుడు అన్నిటికన్నా ముందు అది తగలాలి, పీకేటప్పుడు చివర్న అది వదలాలి. లావుగా ఎందుకంటే, పొరపాటున కూడా ఫేజు బొక్కలోకి, అంటే కరెంటొచ్చే బొక్కలోకి, పోకూడదు. ఎవరో ఇంజినీరు కూర్చుని మన ప్రాణం కోసం ఇంత ఆలోచించాడు. మనం కట్టర్ తీసుకున్నాం.

ఆ మధ్య ఒక అద్దింటి నుంచి ఫోన్. "అన్నా, కొత్త వాషింగ్ మిషన్, ముట్టుకుంటే జిల్లుమంటోంది" అని ఆ అమ్మాయి. కంపెనీ మనిషి వచ్చి, మిషన్ బాగానే ఉందని సంతకం పెట్టించుకుని పోయాడట. నేనూ చూశాను, నిజంగానే బాగుంది. సాకెట్ విప్పితే మూడో పాయింటుకు వైరే లేదు. ఎర్త్‌కు వేసే పచ్చ వైరును చుట్టచుట్టి, టేపు వేసి, గోడలోకి తోసేశారు. మెయిన్ బోర్డు దగ్గరా అదే కథ. ఇంటి చుట్టూ తిరిగాను, ఎర్త్ గొయ్యి లేదు. మూడంతస్తుల మేడ, మెట్లకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, వాకిట్లో సీసీ కెమెరా. బొగ్గూ ఉప్పూ పోసి ఒక పైపు పాతే గొయ్యి మాత్రం లేదు.

ఓనరు గారిని పిలిచాం. ఆయనన్న మాట: "ఏంది సామీ, ఇన్నేళ్లూ ఎవరికీ కొట్టని షాకు వీళ్లకే కొట్టిందా? చెప్పులేసుకుని వాడుకోమను."

చెప్పులేసుకుని వాడుకోవాలంట! అమ్మా, మీ ఇళ్లలో ఫ్రిజ్ ముందు రబ్బరు పట్టా ఎంతమంది వేశారు? చేతులెత్తండి, సిగ్గుపడొద్దు. చూడండి మాస్టారూ, సగం హాలు.

ఆ జిల్లుమనడం ఏమిటో చెబుతా. ఈ కాలం మిషన్లలో ఫిల్టర్ ఉంటుంది, దానిలోంచి కాస్త కరెంటు బాడీలోకి రావడం మామూలే. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, మనకు తెలియనే తెలియదు. లేకపోతే మన చేతిలోంచి పోతుంది. అంత కొంచెం చంపదు. కానీ ఏదో ఒకరోజు లోపల ఇన్సులేషన్ పోయి అసలు ఫేజే బాడీకి తగిలితే? ఎర్త్ ఉంటే పెద్ద కరెంటు లాగి ఫ్యూజు పోతుంది, మనిషి బతుకుతాడు. ఎర్త్ లేకపోతే ఏమీ పోదు, మిషన్ మామూలుగా తిరుగుతూనే ఉంటుంది, ముట్టుకునేవాళ్ల కోసం.

"మా ఇంట్లో ఎంసీబీ ఉంది" అంటారు. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు, అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. పదహారు ఆంపియర్లదైతే, కరెంటు అంతకు మించితే గానీ పడదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదోవంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అని ఇంకోటుంది, ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది. కరెంటు పోయినంతా తిరిగి రావడం లేదని తెలియగానే అర సెకను లోపే తెంపేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి చూడండి, పడిపోవాలి. రెండు వేల రూపాయల చుట్టుపక్కల వస్తుంది. ఫోన్లోంచి ఏసీ ఆన్ చేసుకుంటున్నాం, దొంగొస్తే మెసేజీ వస్తోంది. వెనకున్న కుర్రాళ్లూ, కాస్త తలెత్తండి, మీతోనే మాట్లాడుతున్నా. ఇంటికెళ్లి మెయిన్ బోర్డులో అది ఉందో లేదో చూడండి.

ఆ ఇంటి సంగతి ముగించలేదు కదా. వాళ్లు కేసు వేద్దామనుకున్నారు. ఎవరి మీద? 2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని కొత్త అధ్యాయం పెట్టారు, లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారుచేసినవాడూ అమ్మినవాడూ జవాబు చెప్పాలని. మంచిదే. కానీ అదే చట్టం 87వ సెక్షన్‌లో, వస్తువును మార్చినా తప్పుగా వాడినా అమ్మినవాడి మీదికి పోలేమని ఉంది. పిన్ను కోస్తే మార్చినట్టే కదా! మిషన్‌లో లోపం లేదు, గోడలో ఉంది. చివరికి వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఇప్పుడు అక్కడ వేరేవాళ్లున్నారు. టు-లెట్ బోర్డు మీద కార్ పార్కింగ్ ఉందని రాశారు గానీ ఎర్త్ లేదని రాయలేదు.

వాడుకునేవాడి మీదికే తప్పు నెట్టడం మనకు బాగా అలవాటు. 2020లో లాక్‌డౌన్ అప్పుడు ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. తాగుబోతులని అందరం తిట్టాం. ఆ సీసాల్లో ఏం పోశారు, ఎవరు పోశారు అని అడిగినవాళ్లు ఎంతమంది?

రాజకీయం మాట్లాడొద్దన్నారు కార్యదర్శి గారు. కొంచెమే మాట్లాడతా. 2004లో రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను, ఇప్పటికీ అది మంచి పనే అంటాను. తర్వాత మోటార్లకు మీటర్లని ఒక పార్టీ, వద్దని ఇంకో పార్టీ, ఎన్నేళ్లు కొట్టుకున్నారు! మోటారుకు ఎర్త్ ఉందా అని ఏ పార్టీవాళ్లయినా అడిగారా? కృష్ణపట్నం దగ్గర ఒక్కో యూనిట్‌లో 800 మెగావాట్లు తీస్తున్నాం, మన పొలంలో స్టార్టరు డబ్బా ముట్టుకోవాలంటే కర్ర వెతుక్కుంటున్నాం.

ఇంకా ఘోరం రొయ్యల చెరువులు. ఏరియేటర్ అంటే నీళ్లలో తిరిగే కరెంటు మోటారు, అదీ ఉప్పునీళ్లలో. కేబుల్ జాయింటుకు టేపు చుట్టి గట్టు మీద పడేస్తారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఆ వేళప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్య చస్తుంది. అందుకని చీకట్లోనే మనిషిని దింపుతారు. నా దగ్గర వైండింగ్ నేర్చుకున్న కుర్రాడు ఒకడు అట్లా దిగాడు. పేరు చెప్పను, వాళ్లమ్మ ఈ చుట్టుపక్కలే ఉంటుంది. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, అజాగ్రత్తగా తీగ పట్టుకున్నాడని. ఎవరి అజాగ్రత్త అబ్బయా?... ఉండండి, మంచినీళ్లు తాగుతా.

దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు షాకుతో పోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఏం చేయగలం అంటారు. 1992లో ఇక్కడికి దగ్గర్లోని దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993లో రాష్ట్రమంతా సారా బందయింది. వాళ్లు కమిషన్లో పిటిషన్ వేయలేదు, దుకాణం మూయించారు. నన్నడిగితే మన జిల్లాలో పుట్టిన అసలైన వినియోగదారుల ఉద్యమం అదే.

అన్నట్టు, చలికాలం కదా. రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మే నీళ్ల హీటరు రాడ్డు కొనకండి. ఐఎస్ఐ గుర్తు పక్కన సీఎం/ఎల్ అని నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, దొంగదైతే అక్కడే తేలిపోతుంది. రాడ్డు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు నీళ్లు ముట్టుకోండి. ఇనప బకెట్ వద్దు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక కాగితం రాసుకొచ్చాను, కరెంటు ఆఫీసు డీఈ గారికి, అంటే డివిజనల్ ఇంజినీరు గారికి. కొత్త మీటరు ఇచ్చేటప్పుడు ఎర్త్ కొలిచి ఇవ్వాలి, చెరువు గట్టు మీద ప్రతి ఏరియేటర్ లైనుకూ ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడాలి, ఇవే అందులో ఉన్నాయి. అద్దె అగ్రిమెంటులో ఎర్త్ సంగతి రాయించుకునే పని మీది, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. కాగితం ఈ టేబుల్ మీద పెడుతున్నా. చదివి సంతకం పెట్టండి, చదవకుండా పెట్టొద్దు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ముందు రండి.