40 మీటర్ల బ్యాండుకు కార్బన్ ఫైబర్ మాస్ట్ కట్టే పద్ధతి

నమస్కారమండీ. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాల్లో ఇసుక మీద నిలబెట్టుకునే హామ్ రేడియో మాస్ట్ ఒకటి, అంటే యాంటెన్నాను మోసే గడ, ఈరోజు కడదాం. కార్బన్ ఫైబర్ గొట్టాలతో ఆరు మీటర్లు, దాని మీద 7 మెగాహెర్ట్జ్ (40 మీటర్ల బ్యాండు అనేది దీన్నే) ఇన్వర్టెడ్ వీ, అంటే నడుమ ఎత్తుగా ఉండి రెండు వైర్లూ అటూ ఇటూ కిందికి వాలే యాంటెన్నా. 1989 నవంబరులో కావలి దగ్గర దాటినలాంటి తుపాను మళ్లీ వచ్చి ఫోన్లు పోతే, రేడియో కోసం ఒక్క మనిషే మోసుకెళ్లి నిలబెట్టగలిగే గడ ఉండాలి. కార్బన్ మీద అంత ఖర్చు పెట్టేది అందుకే.

పని మొదలెట్టే ముందు మల్టీమీటర్ తీయండి. గొట్టం కోసిన కొనను ఎమెరీ పేపరుతో రుద్ది, రెండు ప్రోబులూ అక్కడ గట్టిగా ఆనించండి. చూశారా, మీటరు కదిలింది. పైన రెసిన్ పూత మీద పెడితే ఏమీ చూపించదు, అందుకే చాలామంది దీన్ని ఫైబర్‌గ్లాస్ లాంటిదే అనుకుంటారు. కాదు, కార్బన్‌లో కరెంటు పారుతుంది. అది కూడా రాగిలాగా సాఫీగా పారదు, వేడెక్కుతూ పారుతుంది. ఈ గడ వెంబడి నిలువుగా వైరు కడితే ట్యూనింగ్ తప్పుతుంది, పవరులో కొంత గడలోనే వేడిగా పోతుంది. కాబట్టి వర్టికల్ యాంటెన్నాకు కార్బన్ వాడబాకండి, దానికి ఫైబర్‌గ్లాసే సరి. ఇన్వర్టెడ్ వీలో రెండు వైర్లూ గడకు అటూ ఇటూ సమానంగా పోతాయి. గడ మీద ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది గనక ఇబ్బంది చాలా తక్కువ.

ఇక గొట్టాలు. బయట 40, లోపల 36 మిల్లీమీటర్లు, రెండేసి మీటర్లవి మూడు. ఒక్కోటి సుమారు 740 గ్రాములు, అదే సైజు అల్యూమినియం దాదాపు 1,300 తూగుతుంది. పోగులన్నీ నిలువుగానే ఉండే గొట్టం తెచ్చుకోబాకండి, అతుకు దగ్గర వెదురు చీలినట్టు నిలువునా చీలుతుంది. అడ్డపోగు కూడా ఉండేటట్టు చుట్టి చేసిన గొట్టమే కావాలి.

కోసేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కోసేచోట టేపు చుట్టి, సన్నపళ్ల హ్యాక్సా బ్లేడుతో, నీళ్లు చల్లుతూ కోయండి. ఆ నల్లపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మల్టీమీటర్ లాంటి పరికరాల మీద పడితే షార్టు కూడా చేస్తుంది.

అతుకులకు 35.7 మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ గొట్టం, 30 సెంటీమీటర్ల ముక్కలు రెండు. సగం కింది గొట్టంలో అంటించాలి, మిగతా సగం పై గొట్టంలో ఊరికే దూరాలి. అంటించే భాగాన్ని 120 నంబరు ఎమెరీతో మెరుపు పోయేదాకా రుద్ది అసిటోన్‌తో తుడవండి. తుడిచాక వేలు పెట్టబాకండి, వేలి జిడ్డు చాలు అతుకు ఊడిపోవడానికి. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ వద్దు, రోహిణి కార్తె ఎండకు నల్లగొట్టం బాగా వేడెక్కుతుంది, ఆ జిగురు మెత్తబడుతుంది. నెమ్మదిగా గట్టిపడేదే వాడి 24 గంటలు వదిలేయండి. అతుకు నోళ్లకు బయటివైపు రెండంగుళాల వెడల్పున గ్లాస్ క్లాత్ (గాజుపోగుల గుడ్డ), ఎపాక్సీ వేసి చుట్టండి. చివరికి గొట్టమంతా ఎండకు తట్టుకునే పీయూ (పాలీయురేథేన్) వార్నిష్ పూయాలి.

మన తీరంలో ఎక్కువగా దెబ్బతీసేది ఉప్పుగాలి. కార్బన్‌కు అల్యూమినియం నేరుగా తగిలితే, ఉప్పు తేమలో అది బ్యాటరీ అయిపోతుంది. తినబడేది అల్యూమినియమే, తెల్లటి పొడి రాలుతుంటుంది. అందుకని అల్యూమినియం క్లాంపులు వద్దు. హోస్ క్లాంపు బిగించినా పలచటి గొట్టం నలుగుతుంది. గడను పట్టి నిలబెట్టే తాళ్లు కట్టుకునే రింగు కోసం వంటింట్లో కూరగాయలు తరిగే ప్లాస్టిక్ బోర్డు కోసి రంధ్రం చేయండి. ఐదున్నర మీటర్ల దగ్గర గ్లాస్ క్లాత్ గట్టు కట్టి దాని మీద రింగును కూర్చోబెట్టండి.

మూడు తాళ్లు, పాలిస్టర్‌వి. నైలాన్ సాగుతుంది. గడ మొదటి నుంచి నాలుగు మీటర్ల దూరంలో కట్టాలి. ఇసుకలో మేకులు నిలవవు. ఖాళీ సిమెంటు సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగున్నర లోతున పూడ్చండి.

నిలబెట్టే ముందు తల పైకెత్తి చూడండి. రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లకు పోయే కరెంటు తీగలు దండిగా ఉంటాయి. గడ పడిపోయినా తీగ అందనంత దూరం, అంటే కనీసం రెండింతల ఎత్తు దూరం, ఉండాలి. కార్బన్ గడ తీగకు తగిలితే ఇనపగడ తగిలినట్టే, ప్రాణం పోతుంది. ఉరిమినా అంతే, వెంటనే దించేయండి.

కొసన మీటరు ఫైబర్‌గ్లాస్ కడ్డీ నిలబెట్టి, యాంటెన్నా సెంటర్‌ను దానికి కట్టండి. సెంటర్ దగ్గరే కోయాక్స్‌ను, అంటే రేడియో నుంచి వచ్చే కేబులును, ఎఫ్‌టీ240-43 అనే ఫెరైట్ రింగు మీద 12 చుట్లు చుట్టండి. లేకపోతే కేబులూ, దాన్ని ఆనుకున్న గడా రెండూ యాంటెన్నాలో భాగమైపోతాయి. వైర్ల కొనల్లో వోల్టేజి ఎక్కువ గనక, మనిషి చేతికి అందనంత ఎత్తున, రెండు మీటర్ల పైనే కట్టండి.

ఒక్కో వైపు 10.3 మీటర్లతో మొదలుపెట్టండి. మన బ్యాండు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. ఎస్‌డబ్ల్యూఆర్ (పవరు యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తుందో చెప్పే అంకె) బ్యాండు కింది కొన వైపు తగ్గుతుంటే పొడవు తగ్గించాలి, 100 కిలోహెర్ట్జ్‌కు రెండు వైపులా సుమారు 14 సెంటీమీటర్ల చొప్పున. వైరు కోయబాకండి, కొనను వెనక్కి మడిచి మెలిపెట్టండి. తడి ఇసుక మీద సరిపోయిన పొడవు మిద్దె మీద సరిపోకపోవచ్చు, అప్పుడు మడత విప్పుకోవచ్చు.