పాత మండువా ఇల్లు బాగు చేయించాం: రెండు వానాకాలాల తర్వాత నా రివ్యూ

నమస్కారమండి. ఆ పాత ఇల్లు ఇప్పుడెలా ఉంది, పెట్టిన డబ్బుకి తగ్గట్టుందా అని చాలామంది అడుగుతున్నారు. రెండు వానాకాలాలు చూడకుండా ఏం చెప్పినా తొందరపాటే అవుతుందని ఇన్నాళ్లు ఆగాను.

ఇది అమలాపురం దగ్గర మా తాతగారి ఇల్లు. పన్నెండేళ్లు తాళం వేసి ఉంది. మండువా ఎప్పుడూ చూడనివాళ్లు ఇలా నాతో రండి. మధ్యలో ఆకాశం కనిపిస్తోంది కదా, నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి, వాన నీరంతా ఇక్కడే పడి ఆ తూములోంచి బయటికి పోతుంది. ఈ ఇంటికి అందమూ ఇదే, జబ్బు మొదలైందీ ఇక్కడే. రెండు వాలులు కలిసే ఈ మూలల్లో నీళ్లు గుంపుగా దిగుతాయి. అక్కడ ఒక్క పెంకు పగిలి, చూసే దిక్కు లేకపోతే ముందు మూల వాసం నానుతుంది, ఆ తర్వాత చెద పడుతుంది. పైకి నున్నగానే ఉన్న వాసంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది, ఆ రోజు మా నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. టేకు స్తంభాలు మాత్రం చెక్కు చెదరలేదండి.

పెంకుల సంగతి తేలిక. ఇవి మంగళూరు పెంకులు, 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు అక్కడ పెట్టిన ఫ్యాక్టరీ నుంచి పాకిన రకం. గాడిలో గాడి కూర్చుంటుంది కాబట్టి పగిలినదొక్కటే తీసి అదే కొలతది పెట్టొచ్చు. కూలగొడుతున్న ఇళ్ల దగ్గర కొని తెచ్చాం. మూలల్లో కింద జింకు రేకు వేయించాం.

అసలు దెబ్బ గోడల దగ్గర తగిలింది. మేస్త్రి మాట విని హాల్లో సిమెంటు ప్లాస్టరింగ్, పైన పుట్టీ, రంగు వేయించాం. ఆరు నెలలకి నడుము ఎత్తు దాకా బుడగలు, గోరుతో గీకితే ఉప్పులా తెల్లటి పొడి. ఇటుకలు సున్నంతో కట్టిన గోడ ఇది, నేలలో చెమ్మ ఎప్పుడూ పైకి పాకుతూనే ఉంటుంది, సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. మొత్తం చెక్కించేశాం. రాతి సున్నం గుంటలో కుతకుతలాడించి, వారాల తరబడి నానబెట్టి, వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక, కరక్కాయ బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిపి గోడలకి పూయించాం. ఆ పని తెలిసిన పెద్దాయన దొరకడానికే రెండు నెలలు పట్టింది, ఖర్చు కూడా సిమెంటు కన్నా ఎక్కువే. కానీ ఇదిగో చెయ్యి పెట్టి చూపిస్తున్నాను, రెండో వానాకాలంలో కూడా ఒక్క బుడగ లేదు.

ఇబ్బంది లేదనను. ఏటా వానలకి ముందు పెంకు సర్దించాలి, ఆరు నెలలనుకున్న పని పద్నాలుగు నెలలు సాగింది, ఆ టెన్షన్‌కి ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి. అయినా మళ్లీ ఇలాంటి ఇల్లు దొరికితే తీసుకుంటాను, కాకపోతే బేరం ఆడకముందే జోరు వానలో ఒకసారి లోపల నిలబడి చూస్తాను. మీరూ కొనేముందు అలాగే చూడండి, ఎండాకాలంలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది.

మబ్బు పట్టిందండి. కెమెరా ఈ అరుగు మీద పెడుతున్నాను, ఆ మూల రేకు మీంచి నీళ్లు ఎలా దిగుతాయో మీరే చూడండి.