రెండు రాష్ట్రాల మందులు, ఒక్క ఒళ్ళు: సరిహద్దు ఊళ్ళలో షుగరుతో బాగా బతకడం

[టేబుల్ మీద మూడు క్యారీబ్యాగులు. ఒక్కోదాన్నీ వంచితే మందుల చీటీలు, లాబ్ రిపోర్టులు, సగం వాడిన మాత్రల షీట్లు బయటపడతాయి.]

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ మూడు సంచులూ ఒకే మనిషివి అనుకుందాం. మొదటిదాంట్లో బరంపురం పెద్దాసుపత్రి చీటీలు. రెండోదాంట్లో వైజాగ్‌లో కూతురింటికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రైవేటు డాక్టరు రాసినవి. మూడోది, అరికాళ్ళు మంటలని చెబితే ఊళ్ళో మందుల షాపువాళ్ళు ఇచ్చిన మాత్రలు. మేం ఉదాహరణకి సర్దిపెట్టినవే ఇవి. కానీ పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు షుగరున్న ఏ తెలుగింట వెతికినా ఇలాంటి సంచి దొరుకుతుంది.

1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మన ఊళ్ళు అటు వెళ్ళాయి, సగం చుట్టరికాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉండిపోయాయి. వైద్యం కూడా రెండు వైపులా నడుస్తోంది. అందులో తప్పేం లేదు. చిక్కల్లా, ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకి తెలియకపోవడంతోనే. మూడు సంచులూ ఒకచోట కుమ్మరించి చూడగలిగేది పేషెంటు ఒక్కరే. షుగరు అదుపులో పెట్టుకోవడంలో సగం పని అదే అని నా అభిప్రాయం. మిగతా సగం గురించి యూట్యూబ్‌లో కాకరకాయ రసం వీడియోలు బోలెడున్నాయి, వాటి జోలికి నేను పోను.

[రెండు మాత్రల షీట్లు పక్కపక్కన. కెమెరా వెనక వైపు చిన్న అక్షరాల మీదికి వెళుతుంది.]

ఈ రెండూ చూడండి. కంపెనీ వేరు, పేరు వేరు, రంగు వేరు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే రెండింట్లోనూ గ్లిమెపిరైడే. బరంపురంలో ఇచ్చిందీ, వైజాగ్‌లో ఇచ్చిందీ రెండూ వేసుకుంటే డోసు రెట్టింపు అయినట్టే. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఒక జాతి మందులు. క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తాయి. మీరు అన్నం తిన్నారా లేదా అని అవి చూడవు. మాత్ర వేసుకుని, టిఫిన్ చెయ్యకుండా పొద్దున్నే నౌపడ రైలెక్కారంటే దారిలోనే షుగరు పడిపోవచ్చు.

70 కంటే తగ్గితే దాన్ని లో షుగర్ అంటారు. చెమటలు, వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, ఊరికే కోపం. ఇంకా పడితే మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. బస్టాండులో అలా కూలబడిన మనిషిని చూసి తాగేశాడనుకుని పక్కకి తప్పుకుపోతారు జనం. అందుకే జేబులో చిన్న చీటీ ఒకటి ఉంచుకోండి: "నాకు షుగరు ఉంది. తూలుతుంటే పంచదార నీళ్ళు ఇవ్వండి." తెలుగులో ఒక లైను, ఒడియాలో ఒక లైను. ఒడియా లైను బడికెళ్ళే మనవరాలి చేత రాయించండి, చక్కగా రాస్తుంది.

[తెర మీద: పంచదార 3 చిన్న చెంచాలు, దాదాపు 15 గ్రాములు. 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్ష.]

తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, లేదా గ్లూకోజ్ పొడి. లడ్డూలు, చాక్లెట్లు ఇప్పుడు పనికిరావు. వాటిలో ఉన్న నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పావుగంట ఆగి మళ్ళీ చూసుకోండి. 70 దాటకపోతే ఇంకోసారి తాగండి. దాటాక ఏదైనా తినండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి బేగి 108కి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది.

[మామూలు రూళ్ళ నోటుబుక్కు. మొదటి పేజీ.]

ఇప్పుడు మూడు సంచుల్నీ ఒక నోటుబుక్కులోకి తెద్దాం. మొదటి పేజీలో కంపెనీ పేరు రాయకండి, లోపలి మందు పేరు రాయండి. మెట్‌ఫార్మిన్ 500, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎవరు రాశారు, ఎప్పటినుంచి. ఒకే పేరు రెండుసార్లు కనబడితే దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి డాక్టరుకి చూపించండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఇంగ్లీషు చదవడం రాకపోతే షాపులో కుర్రాణ్ణి అడగండి, చెబుతాడు. ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ కౌంటరు దగ్గర ఉచితంగా ఇచ్చే మందులైనా, జన ఔషధి కేంద్రంలో తక్కువ ధరకి దొరికేవైనా అసలు పేరుతోనే ఉంటాయి. ఆ పేరు తెలిస్తే, ఖరీదైన బ్రాండు బదులు ఇది సరిపోతుందా అని అడగడం తేలిక.

అదే పేజీలో మీరు మింగనివి కూడా రాయండి. ఇది చాలామంది దాచిపెట్టే సంగతి. డబ్బుల్లేక రాత్రి మాత్ర మానేస్తాం. డాక్టరు తిడతారని "అన్నీ వేసుకుంటున్నానండీ" అంటాం. ఆయన రిపోర్టు చూసి, మందు చాలట్లేదనుకుని డోసు పెంచుతారు. కొన్నాళ్ళకి జ్వరమో ఏదో వచ్చి ఆసుపత్రిలో చేరితే, నర్సు ఆ పెరిగిన డోసంతా టైముకి వేయిస్తుంది. షుగరు ఢమాల్. "కొనలేకపోయానండీ, వారానికి మూడు రోజులే వేసుకున్నా" అని చెప్పడంలో సిగ్గుపడాల్సింది లేదు. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసిన ఊరు పర్లాకిమిడి. అక్కడి నుంచి వెళ్ళేవాళ్ళం డాక్టరు దగ్గర ఇంత గ్రాంథికంగా, ఇంత మర్యాదగా అబద్ధాలాడటం ఏం బావుంటుంది చెప్పండి.

ఓపీలో మనకి దొరికేది నాలుగైదు నిమిషాలు. కూర్చోగానే పుస్తకం తెరిచి పెట్టండి. అడగదలుచుకున్నవి ముందే రాసుకోండి. నా వయసుకి, నా ఒంటికి షుగరు ఎంతలో ఉండాలి? మామూలుగా పరగడుపున 80 నుంచి 130, తిన్నాక రెండు గంటలకి 180 లోపు అంటారు. ఎనభై ఏళ్ళ అమ్మమ్మకి అంత గట్టి లెక్క పెట్టరు, ఆవిడకి పడిపోవడమే పెద్ద ప్రమాదం. అడగాల్సింది ఇంకోటి: ఈ కొత్త మందుతో పాతది ఏదైనా ఆపాలా? ఒడియా అర్థం కాకపోతే, వచ్చినవాళ్ళని ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. అర్థమైనట్టు తలూపి బయటికొచ్చి కాంపౌండరుని అడిగే పద్ధతి మానుకుందాం.

[తెర మీద: ఎర్ర రక్తకణాల బొమ్మ. గుండ్రటివి కొన్ని, కొడవలి ఆకారంలో వంగినవి కొన్ని.]

ఇక్కడ కాసేపు ఆగుదాం. మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఇది.

మూడు నెలల షుగరు టెస్టు అని ఒకటి చేయిస్తారు, హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కి చక్కెర ఎంత అంటుకుందో అది చెబుతుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళలో కణాలు ముందే రాలిపోతాయి. చక్కెర అంటుకోవడానికి టైమే ఉండదు. అసలు షుగరు ఎక్కువే ఉన్నా రిపోర్టులో 6 అని బ్రహ్మాండంగా రావచ్చు. జబ్బు లేకుండా అమ్మానాన్నల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు వచ్చినవాళ్ళలో కూడా కొన్ని లాబ్ పద్ధతులు తప్పు చూపిస్తాయి. ఎర్రకణాలు తేలిగ్గా విరిగిపోయే జీ6పీడీ లోపం పుట్టుకతో ఉన్నా లెక్క తగ్గి కనబడవచ్చు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే అటుది ఇటవుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా నమ్మడానికి లేదు.

సికిల్ సెల్ దక్షిణ ఒడిశా గిరిజన ప్రాంతాల్లో బాగానే ఉంది. అలాగని "అది కొండ మీద వాళ్ళకి, మనకి కాదులే" అని కొట్టిపారెయ్యకండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వాళ్ళకి పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. మీ ఇంట్లో పిల్లలకెవరికైనా కార్డులో తేడా ఉందని రాస్తే, ఆ జన్యువు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిందే కదా! ఆ సంగతి పుస్తకంలో రాసి డాక్టరుకి చెప్పండి: "మా ఇంట్లో సికిల్ ఉందండీ, ఈ టెస్టు నాకు సరిపోతుందా?" పెద్ద ఊళ్ళ డాక్టరుకి ఆ అనుమానం రాకపోవచ్చు. గ్లూకోమీటర్‌లో ఎప్పుడూ 200 పైన వస్తూ, లాబ్ రిపోర్టులో మాత్రం అంతా బావుందంటే కూడా ఇదే ప్రశ్న వెయ్యండి.

గ్లూకోమీటర్ ముందు సబ్బుతో చేతులు కడగండి. పనసతొనలు తిన్న వేలు గుచ్చితే మీటరు చూపించేది మీ షుగరు కాదు, పనసపండుది. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి, చెమ్మ తగిలితే పాడవుతాయి.

[ఇచ్ఛాపురం దాటాక రోడ్డు పక్కన జీడితోటలు, కొబ్బరిచెట్లు.]

కిడ్నీల మాట. బరంపురం నుంచి కిందికి దిగితే ఉద్దానం. మనవాళ్ళకి అక్కడ చుట్టాలు ఎక్కువే. అక్కడి కిడ్నీ జబ్బు షుగరు లేనివాళ్ళకి కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అటు పుట్టి, షుగరు కూడా ఉందంటే ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు వదలొద్దు. మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ రోజూ మింగడం కిడ్నీలకి చేటు. కిడ్నీ పనితనం బాగా తగ్గితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపేస్తారు. నొప్పికి ఇంజక్షన్ వేస్తామంటే స్టెరాయిడా అని అడగండి, అయితే కొన్నాళ్ళు షుగరు ఎగబాకుతుంది. ఏడాదికోసారి కంటి వెనక పొర కూడా చూపించుకోవాలి. చూపు బాగానే ఉన్నా సరే.

తిండి విషయంలో నేను పెద్దగా చెప్పను. చద్దన్నం అనండి, పఖాళ అనండి, అన్నం అన్నమే. రాగి అంబలి తాగితే షుగరు పెరగదని ఒక నమ్మకం ఉంది. పలచగా ఉడికిన పిండి బేగి అరుగుతుంది, పెరుగుతుంది. మీ ఒంటికి ఎంత పెరుగుతుందో మీరే చూసుకోండి: తాగేముందు ఒకసారి, రెండు గంటలకి ఒకసారి. పుస్తకంలో రెండంకెలూ పక్కపక్కన. నిజానికి పొరుగింటి దాల్మా మనకి దొరికిన వరం. పప్పు, బొప్పాయికాయ, అరటికాయ, వంకాయ, నూనె బహు తక్కువ. కంచంలో అన్నం తగ్గించి అది రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే చాలు, మిల్లెట్ బిస్కట్లు కొనక్కర్లేదు.

కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్ళు ముందు వారమే డాక్టరుని అడగాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి పడిపోయే భయం తక్కువ. ఇందాకటి గ్లిమెపిరైడ్ జాతి మందులో, ఇన్సులినో అయితే డోసు మార్చాలి. చక్కెరని మూత్రంలో బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వేసుకుంటూ నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం మంచిది కాదు. మధ్యలో 70 కంటే పడితే ఉపవాసం అక్కడితో ఆపాలి, శివుడేమీ అనుకోడు.

[అద్దంలో అరికాలు చూసుకుంటున్న చేతులు.]

బరంపురంలో రెండేళ్ళకోసారి ఎండల్లో ఠాకురాణి యాత్ర వస్తుంది. కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళకి కాలే తారురోడ్డు తెలియదు, బొబ్బ లేచినా తెలియదు. మొక్కు ఉన్నా చెప్పులు వెయ్యండి. రాత్రి పడుకునే ముందు అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోండి. పుండు కనబడితే పసుపు అద్ది వారం ఆగొద్దు, మర్నాడే ఆసుపత్రి.

[తుపాను హెచ్చరిక, ఊగుతున్న కొబ్బరిచెట్లు, ఆరిపోయిన వీధి దీపాలు.]

చివరిది తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. రోడ్లు తెగాక మందుల షాపుకి వెళ్ళలేం. అందుకే దసరా ముందే రెండు వారాల మాత్రలు, స్ట్రిప్పులు, పంచదార పొట్లం, నోటుబుక్కు ఫొటో ఒక ప్లాస్టిక్ కవరులో సిద్ధంగా ఉంచండి.

కరెంటు పోతే ఇన్సులిన్ వెంటనే పాడైపోదు. వాడుతున్న సీసా చల్లటిచోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది, ఎన్నాళ్ళో అట్టపెట్టె మీద చూసుకోండి. మిగతావాటికి ఒక కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, సీసాలు కవరులో చుట్టి లోపలి కుండలో ఉంచండి. ఐసు ముక్కలకి నేరుగా తగలనివ్వొద్దు, గడ్డ కట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. సీసా లోపల ఉండలు కట్టినా, గోడలకి అంటుకున్నా పారెయ్యండి. వాంతులవుతున్నా ఇన్సులిన్ మీ అంతట మీరు పూర్తిగా మానొద్దు, 104కో డాక్టరుకో ఫోన్ కలపండి.

తుపాను షెల్టరుకి వెళితే గుమ్మంలోనే అక్కడి వలంటీరుకో ఆశా దీదీకో చెప్పండి: నాకు షుగరు ఉంది, ఫలానా టైముకి ఇన్సులిన్ వేసుకుంటాను, వేసుకున్నాక అన్నం ఆలస్యం కాకూడదు. వరసలో ముందు నిలబెట్టమని అడగండి. వంట ఇంకా అవ్వలేదంటే సూది ఆపి, కంచం చేతికొచ్చాకే వేసుకోండి.