ఆక్యురసీ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న

వేదిక మీది పెద్దలకు, పరిశోధన ప్రధానమైన మాస్టర్స్‌లో డేటా సైన్స్ చదవడానికి వరంగల్ వచ్చిన మీకు నమస్కారం. పేరుపేరునా పలకరించలేకపోతున్నందుకు మన్నించండి. ఉన్న కాస్త సమయమూ అసలు సంగతికే కావాలి.

ప్రాజెక్టు వైవాలో తరచూ వినబడే మొదటి ప్రశ్న "ఆక్యురసీ ఎంత?", అంటే మోడల్ నూటికి ఎన్ని సరిగ్గా చెప్పిందని. తొంభై తొమ్మిది అనగానే అందరి ముఖాలూ వెలుగుతాయి. మోడల్‌కు నేర్పే భాగం (ట్రైనింగు), దాన్ని పరీక్షించే భాగం (టెస్టు) అంటూ డేటాను ఎట్లా విడగొట్టావని అడిగేవాళ్లు తక్కువ. నా బాధంతా అక్కడే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి ధరలే తీసుకోండి. వరుసలన్నీ కలగలిపి ఎనభై శాతం ట్రైనింగుకు, ఇరవై శాతం టెస్టుకు పెడతారు. సోమవారం, బుధవారం ధరలు చూపించి మంగళవారం ధర చెప్పమంటే ఏ మోడలైనా చెబుతుంది. రైతుకు కావాల్సింది రాబోయే వారం ధర. అందుకే తేదీని బట్టి కోయండి: 2022 వరకు ట్రైనింగు, 2023 వాలిడేషన్ (మోడల్‌ను సరిచూసుకుని మార్చుకోవడానికి), 2024 టెస్టు. స్కేలింగుకు, అంటే అంకెలన్నింటినీ ఒకే కొలతకు తేవడానికి, కావాల్సిన సగటు ట్రైనింగు భాగం నుంచే తీయాలి. యార్డు సెలవు రోజున సున్నా నింపకండి. ఆ రోజు ధరే లేదు. "రేపటి ధర ఇవాళ్టి ధరే" అనే బేస్‌లైన్‌ను, అంటే పోల్చుకోవడానికి పెట్టుకునే అతి సులువైన పద్ధతిని, ముందు నడపండి. దాన్ని గెలవని ఎల్‌ఎస్‌టీఎంకు (వరుసగా వచ్చే డేటాకు వాడే న్యూరల్ నెట్‌వర్క్‌కు) ఎన్ని పొరలున్నా థీసిస్‌లో చోటు దక్కకూడదు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని దెబ్బతీసింది. అలాంటి ఏడాది టెస్టులో పడితే మోడల్ సత్తా బయటపడుతుంది, కలగలిపితే దాక్కుంటుంది.

ఫొటో చూసి ఆకు తెగులు గుర్తుపట్టే మోడళ్ల సంగతి ఇంకా ఘోరం. ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల ఫొటోల డేటాసెట్‌లో 54,306 ఫొటోలు, 38 తరగతులు. 2016లో వచ్చిన పరిశోధనా పత్రంలో దాని మీద 99.35 శాతం ఆక్యురసీ చూపించారు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద అదే పద్ధతి 31 శాతం దగ్గర ఆగిందని ఆ పత్రమే నిజాయితీగా చెప్పింది. మనవాళ్లు మొదటి అంకెనే పట్టుకున్నారు! తర్వాత 2022లో ఇంకో పరిశోధకుడు ఆకును వదిలేసి, వెనకాల నేపథ్యంలోంచి 8 పిక్సెళ్లు మాత్రమే మోడల్‌కు ఇచ్చాడు. 49 శాతం వచ్చింది. ఊరికే ఊహిస్తే వచ్చేది 2.6 శాతమే. ఆలోచించండి, ఆ మోడల్ చదువుతున్నది తెగులునా, ఫొటో తీసిన బల్లనా?

మీరు నర్సంపేట, పరకాల వైపు తోటల్లో ఫొటోలు తీస్తే ఒక్కో ఫొటోకు మొక్క నంబరు, తోట నంబరు, తేదీ, ఫోను మోడల్ రాసుకోండి. ఒకే మొక్కవి ఐదు ఫొటోలుంటే ఐదూ ఒకే వైపు, అన్నీ ట్రైనింగులోనో అన్నీ టెస్టులోనో, ఉండాలి. ఇంకా గట్టిగా కావాలంటే తోటకు తోట విడగొట్టండి. ఒక గుంపు డేటాను రెండు వైపులా పడకుండా విడగొట్టే గ్రూప్ కె-ఫోల్డ్ పద్ధతి ఉన్నది అందుకే. నూటికి తొంభై ఐదు ఆకులు ఆరోగ్యంగా ఉన్న డేటాలో అన్నింటినీ "బాగుంది" అనేస్తే ఆక్యురసీ 95 శాతం. కాబట్టి ఒక్కో తెగులుకు రీకాల్, అంటే ఆ తెగులున్న ఆకుల్లో ఎన్నింటిని పట్టుకుందో, విడిగా రాయాలి. నూరు ఫొటోల టెస్టులో తొంభై సరిగ్గా చెబితే అసలు ఆక్యురసీ సుమారు 83 నుంచి 94 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటప్పుడు 90 కంటే 91 గొప్పదని పేపర్ రాయకండి.

గైడ్లుగా ఉన్న మీకూ ఒక విన్నపం. మొదటి సెమిస్టర్‌లో మోడల్ అడగకండి. విభజన ఫైలు, అది ఎందుకు అట్లా కోశారో ఒక పేజీ వివరణ, బేస్‌లైన్ ఫలితం, ఈ మూడే అడగండి. టెస్టు ఫైలు మీ దగ్గరే ఉంచుకుని థీసిస్ చివర్లో ఒక్కసారి ఇవ్వండి. అప్పుడు వచ్చిన అంకె అరవై అయినా దానికే మార్కులు వేయండి.