పెట్రోల్ నీలంగా ఉందో లేదో చూడనివ్వండి

వేదిక మీద ఉన్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. నా గురించి పరిచయంలో చాలా ఎక్కువే చెప్పారు. చిన్న విమానాలు నడిపాను, కొంతకాలం కుర్రవాళ్ళకు నేర్పాను, రిటైరయ్యాక తిరుపతికి వచ్చి స్థిరపడ్డాను. అంతే. విమానయాన రంగంలో ఉద్యోగాల గురించి మాట్లాడమని పిలిచారు. ఆ సంగతి మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారు నాకంటే బాగా చెబుతారు. ఇంతమంది పిల్లలు ఒకచోట మళ్ళీ ఎప్పుడు దొరుకుతారో తెలియదు కాబట్టి, ఎగిరేముందు పైలట్ చేసే తనిఖీ గురించి చెప్పాల్సిన ఒక్క మాట చెబుతాను.

రేణిగుంటలో విమానం ఎక్కినవాళ్ళు కిటికీలోంచి చూసే ఉంటారు. బయలుదేరే ముందు పైలట్లలో ఒకరు దిగి విమానం చుట్టూ తిరుగుతారు. వంగి చక్రాలు చూస్తారు, తలెత్తి రెక్కలు చూస్తారు. అది లాంఛనం కాదు. నలుగురు కూర్చునే సింగిల్ ఇంజన్ విమానానికైతే ఆ పని ఇంకా ముఖ్యం. ఉన్న ఒక్క ఇంజనూ ఆగిపోతే రెండోది లేదు. మెకానిక్ చూశాడుగా అంటారు కొందరు. చూసే ఉంటాడు. కానీ ఎగిరేది పైలట్. ఆఖరి బాధ్యత అతనిదే.

సెస్నా 172 అనే అలాంటి చిన్న విమానం సంగతే చెబుతాను, నేర్చుకునేవాళ్ళలో చాలామంది దాంతోనే మొదలుపెడతారు. మొదట లోపల. కాగితాలు, స్విచ్‌లు, తాళంచెవి బయట ఉందా లేదా. ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్ళేముందు తాళంచెవి కంటికి కనబడాలి. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు. దాన్ని ఆపే వైరు తెగి ఉంటే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా చేత్తో కదిపిన ప్రొపెల్లర్ గిర్రున తిరగొచ్చు. చేతులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

తర్వాత కంట్రోల్ లాక్. నిలిపి ఉంచిన విమానం తోక పలకలు, రెక్కల పలకలు గాలికి కొట్టుకోకుండా లోపల స్టీరింగ్‌కు ఒక ఇనుప పిన్ను పెడతాం. ఎగిరేముందు తీసేయాలి. ఇది ఎవరు మర్చిపోతారు అనుకుంటున్నారు కదూ? 1935 అక్టోబర్ 30న అమెరికాలోని డేటన్‌లో బోయింగ్ కొత్త బాంబర్ మోడల్ 299 ఇలాంటి లాక్ తీయకుండానే పైకి లేచి కూలిపోయింది. నడిపినవాళ్ళు కొత్తవాళ్ళు కాదు, ఆ దేశంలోని మేటి టెస్ట్ పైలట్లు. ఇద్దరు పోయారు. ఆ తర్వాతే పైలట్ చేతికి చెక్‌లిస్టు వచ్చింది.

అంత పాత కథ ఎందుకంటారా? 2014 మే నెలలో, అదే అమెరికాలో, బెడ్‌ఫర్డ్ అనే చోట ఒక గల్ఫ్‌స్ట్రీమ్ ప్రైవేటు జెట్ లాక్ తీయకుండానే రన్‌వే మీద పరుగెత్తింది. ఎగరలేక, ఆగలేక కాలిపోయింది. ఏడుగురు పోయారు. దర్యాప్తులో ఏం తేలిందో తెలుసా? ఆ పైలట్లు అంతకుముందు 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోల్స్ పూర్తిగా కదిపి చూడలేదట. అన్నిసార్లూ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే చూడటం మానేశారు. వినండి నాయనా, ఏమీ కాకపోవడమే మనిషిని చెడగొడుతుంది.

టైర్లు, బ్రేకు ఆయిల్, కీళ్ళ దగ్గర నట్లు, ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్, ప్రొపెల్లర్ అంచున గాట్లు, ఇవన్నీ వరుసగా చెబుదామని రాసుకొచ్చాను. టైం చాలదు. పెట్రోల్ దగ్గరికి వస్తాను.

మన చిత్తూరు వైపు పాల కేంద్రాల్లో పాలు పోసేముందు పరీక్ష చేస్తారు కదా, విమానంలో పెట్రోల్‌కూ అలాంటి పరీక్షే ఉంది. కాకపోతే పాలలో పోసిన నీళ్ళు కలిసిపోతాయి, పెట్రోల్‌లో నీళ్ళు కలవవు, బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. అందుకే రెక్కల్లో ఉండే ట్యాంకుల అడుగున, విమానం ముక్కు కింద చిన్న వాల్వులు ఉంటాయి. సెస్నా 172 కొత్త మోడల్లో మొత్తం 13. ఒక్కొక్క చోట ప్లాస్టిక్ గొట్టంతో నొక్కితే కాస్త పెట్రోల్ దిగుతుంది. అడుగున నీళ్ళుంటే మధ్యలో గీత కనబడుతుంది. కానీ గొట్టం నిండా నీళ్ళే వస్తే? గీత ఉండదు. స్వచ్ఛంగా, మెరుస్తూ ఉంటుంది. తొందరలో ఉన్నవాడు బాగుందని పారబోసి వెళ్ళిపోతాడు. ఇక్కడే రంగు చూడాలి. మనం వాడే పెట్రోల్‌కు లేత నీలం రంగు కలుపుతారు. ఆకాశానికి ఎత్తి చూడొద్దు, ఆకాశం నీలం మోసం చేస్తుంది. రెక్కకు తెల్ల రంగుంటే దాని పక్కన పెట్టి చూడండి.

నేను ఒక వ్యాపారి సొంత విమానం నడిపేవాణ్ణి. పేరు, ఊరు చెప్పను. కార్తీక మాసంలో కుటుంబంతో దర్శనానికి రేణిగుంటకు తీసుకొచ్చాను. రాత్రంతా కుండపోత. విమానం ఆరుబయటే తడిసింది. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు కొండ దిగి నేరుగా వచ్చేశారు. పిల్లాడి గుండుకు పూసిన గంధం ఇంకా ఆరలేదు. తల్లి చేతిలో లడ్డూ సంచి. ఆయనకు సాయంత్రం మీటింగ్ ఉంది.

ఎడమ రెక్క కింద గొట్టం పెట్టాను. తేటగా వచ్చింది. తెల్లటి రెక్క పక్కన పెట్టి చూస్తే నీలం లేదు. మళ్ళీ తీశాను. అదే. రెక్క కొస పట్టుకుని ఊపి, కాసేపు ఆగి, మళ్ళీ తీశాను. తీస్తూ పోగా పైన సన్నగా నీలం పొర కనబడింది. పైకెక్కి చూస్తే ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉంది. వాన నీళ్ళు అందులోంచే దిగాయి.

ఆయన వాచీ చూసుకుంటూ, "నిన్న ఎగిరొచ్చిన బండే కదా! రాత్రికి రాత్రి ఏం రోగమొచ్చింది?" అని అరిచాడు. గొట్టం చూపించాను. చూడలేదు. రబ్బరు మార్చి, ట్యాంకులు పూర్తిగా వంపేదాకా కదలనన్నాను. కారు మాట్లాడుకుని వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా ఇంకో పైలట్‌ను పెట్టుకున్నాడు. నాకు భయం ఎక్కువని నలుగురికీ చెప్పాడు.

ఉద్యోగం పోయిందని బాధ లేదు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ రోజు ఎగిరి ఉంటే ఏమయ్యేది? ఇంజన్‌కు వెళ్ళే గొట్టాల్లో మిగిలిన మంచి పెట్రోల్‌తో ఇంజన్ స్టార్ట్ అవుతుంది, రన్‌వే దాకా కూడా వస్తుంది. ముక్కు పైకి లేచాక అడుగున ఉన్న నీళ్ళు కదిలి ఇంజన్‌కు చేరతాయి. వెనక్కి తిరిగి వచ్చేంత ఎత్తు ఉండదు. కింద ఇళ్ళు. వెనక సీట్లో గుండు చేయించుకున్న పిల్లాడు. జాగ్రత్తను భయం అంటే నేనెలా ఒప్పుకుంటాను? మీరు చెప్పండి.

నా దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్ళు ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు. "సార్, ఓనరు వెనక నిలబడితే టెన్షన్‌లో ఏం చూశానో గుర్తుండటం లేదు" అంటారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆ భాగం మళ్ళీ మొదటి నుంచి చూడమని చెబుతాను. గాలిలో విమానం వేగం తెలిపే పిటో గొట్టాన్ని వదలొద్దంటాను. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర 189 మందితో బోయింగ్ 757 సముద్రంలో పడింది. పిటో గొట్టాలకు కవర్లు తొడగకుండా రోజుల తరబడి నిలిపిన విమానం అది. ఒక గొట్టం మూసుకుపోయి వేగం తప్పుగా చూపింది, అందులో కందిరీగ గూడు కట్టి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్ళు భావించారు. ఒక్కరూ మిగల్లేదు.

మీలో పైలట్లు అయ్యేవాళ్ళు కొందరే. కంపెనీలు పెట్టేవాళ్ళు, సభలు ఏర్పాటు చేసేవాళ్ళు, చార్టర్ విమానంలో దర్శనానికి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. నా విన్నపం మీకే. పైలట్ రెక్క కింద వంగి ఉన్నప్పుడు మాట్లాడించకండి. ఇంకా ఎంతసేపని అడగకండి. వెళ్ళొద్దు అంటే కారు మాట్లాడుకోండి, మర్నాడు ఆ పైలట్‌నే మళ్ళీ పిలవండి.

గొట్టం ఇక్కడ బల్ల మీద పెట్టాను. ఒక సీసాలో నీలం రంగు కలిపిన నూనె, ఇంకో సీసాలో నీళ్ళు ఉన్నాయి. ముందు వరుసవాళ్ళు వచ్చి, నీళ్ళు ముందు పోసి చూడండి.