పెద్ద ఫైల్లో కావాల్సిన ముక్క మాత్రమే: హెడ్, టెయిల్, సెడ్, లెస్ రివ్యూ

నమస్తే అండి. లైనక్స్ సర్వర్‌లో ఎర్రర్ వచ్చింది, లాగ్ ఫైల్ (సర్వర్ తన పనులు, తప్పులు రాసుకునే ఫైల్) చూస్తే 4 జీబీ ఉంది, మనకు కావాల్సింది అందులో ఓ ఇరవై లైన్లు. అలాంటప్పుడు చాలామంది టెర్మినల్‌లో ఫైల్ మొత్తం చూపించే క్యాట్ కమాండ్ కొట్టేస్తారు, ఇక లైన్లు పరుగెడుతూనే ఉంటాయి, కంట్రోల్ సీ కొట్టేదాకా టెన్షనే. ఎడిటర్‌లో కూడా తెరవకండి, చాలా ఎడిటర్లు ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగేస్తాయి, నడుస్తున్న సర్వర్ మీద ఆ పని అస్సలు వద్దు.

దీనికి పనికొచ్చే నాలుగు కమాండ్లు చూద్దాం. హెడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మొదటి 10 లైన్లు చూపిస్తుంది, హైఫన్ ఎన్ 50 అంటే 50. సీఎస్‌వీలో, అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైల్లో, కాలమ్ పేర్లు చూసుకోవడానికి అది చాలు. కానీ హైఫన్ సీ తో మాత్రం జాగ్రత్త, అది లెక్కపెట్టేది బైట్లను, అక్షరాలను కాదు. స్క్రీన్ మీద చూడండి, ఈ ఫైల్లో 'తెలుగు' అని ఒక్క మాటే ఉంది, హెడ్ హైఫన్ సీ 10 కొట్టాను. 'తెల' వచ్చింది, పక్కన ఒక పిచ్చి గుర్తు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో త కి 3 బైట్లు, ఎత్వానికి 3, ల కి 3, అక్కడికి 9 అయ్యాయి, పదో బైటు దగ్గర కొమ్ము మధ్యలో తెగిపోయింది. అందుకే తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు లైన్ల లెక్కే పట్టుకోండి.

టెయిల్ చివరి 10 లైన్లు ఇస్తుంది. ఫైల్ ఎంత పెద్దదైనా వెంటనే ఇస్తుంది, ఎందుకంటే మొదటి నుంచి చదువుకుంటూ రాదు, నేరుగా చివరికి వెళ్లి అక్కడి నుంచి వెనక్కి చూసుకుంటుంది. హైఫన్ చిన్న ఎఫ్ పెడితే కొత్తగా పడే లైన్లు పడుతున్నట్టే కనిపిస్తాయి. ఇది అందరికీ తెలుసు, తెలియాల్సింది ఇంకోటి ఉంది: రాత్రి లాగ్ రొటేట్ అయి, పాత ఫైల్ పేరు మారి, అదే పేరుతో కొత్త ఫైల్ మొదలైతే, చిన్న ఎఫ్ ఇంకా ఆ పాత ఫైలునే పట్టుకుని కూర్చుంటుంది. స్క్రీన్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఎర్రర్లు లేవనుకుంటాం. పెద్ద ఎఫ్ వాడండి, అది పేరును పట్టుకుని కొత్త ఫైలుకు మారుతుంది.

మధ్యలో ముక్క కావాలంటే సెడ్. హైఫన్ ఎన్, కోట్స్‌లో 5000 కామా 5020 పీ, అంటే 5000 నుంచి 5020 దాకా లైన్లు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, కానీ సెడ్ ఆగదు, ఆ లైన్లు చూపించాక కూడా మిగతా ఫైలంతా ఊరికే చదువుతూ పోతుంది. కోట్స్ మూసేముందు సెమీకోలన్ పెట్టి 5020 క్యూ అని చేర్చండి, అక్కడికక్కడే బయటికి వచ్చేస్తుంది, తేడా మీకే తెలుస్తుంది.

నా ఓటు మాత్రం లెస్‌కే. 1980ల్లో మార్క్ న్యూడెల్‌మన్ రాసిన ప్రోగ్రామ్ ఇది, ఫైల్ మొత్తం చదివేదాకా ఆగకుండా మొదటి పేజీ వెంటనే చూపిస్తుంది. పెద్ద జీ కొడితే చివరికి, చిన్న జీ కొడితే మొదటికి. స్లాష్ కొట్టి మాట రాస్తే వెతుకుతుంది, ఎన్ కొడితే తర్వాతిది. యాంపర్‌సాండ్ కొట్టి ఎర్రర్ అని రాయండి, ఆ మాట ఉన్న లైన్లే మిగులుతాయి. లైన్లు మరీ పొడవుగా ఉండి మడతపడుతుంటే హైఫన్ పెద్ద ఎస్, బాణం కీలతో పక్కకు జరుపుకోవచ్చు. పెద్ద ఎఫ్ కొడితే టెయిల్ లాగే కొత్త లైన్ల కోసం కాచుకుంటుంది, అనుమానం వస్తే కంట్రోల్ సీ కొట్టి అక్కడే వెనక్కి వెళ్లి వెతుక్కోవచ్చు, టెయిల్‌లో ఆ సౌకర్యం లేదు. ఒక్క ఇబ్బంది, లైన్ నంబర్లు పెట్టుకుని చివరికి దూకితే అన్నీ లెక్కపెట్టడం మొదలుపెడుతుంది, ఓపిక లేకపోతే కంట్రోల్ సీ.

రొటేట్ అయిన పాత లాగులు చాలాచోట్ల జీజెడ్‌గా కుదించి ఉంటాయి. వాటిని విప్పక్కర్లేదు, జెడ్‌లెస్ అని కొట్టండి, ఇవే కీలు పనిచేస్తాయి.