ఆకుకోత చీమలకు ఇల్లు కట్టాలంటే

శ్రోతలందరికీ నమస్కారం.

తన ఒంటికంటే పెద్ద ఆకుముక్కను తల మీదుగా ఎత్తిపట్టుకుని, ఒకదాని వెనక ఒకటి నడిచిపోయే చీమల్ని మీలో చాలామంది టీవీలోనో ఫోనులోనో చూసే ఉంటారు. ఆకుకోత చీమలంటే అవే. మన దేశంలో లేవు. అమెరికాలోని టెక్సస్ మొదలుకొని దక్షిణాన అర్జెంటీనా దాకా వాటి రాజ్యం. బ్రిటన్, జర్మనీ వంటి దేశాల్లో వీటిని ముచ్చటపడి ఇంట్లో పెంచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఇంటిని ఎలా ఆలోచించి అమరుస్తారో ఈ పూట చెప్పుకుందాం.

ఈ ఇంటికి అసలు యజమాని చీమ కాదండీ, బూజు. ఇది పట్టుబడితే మిగతా లెక్కలన్నీ వాటంతటవే తేలతాయి.

ఈ చీమలు కోసుకొచ్చిన ఆకును తినవు. నమిలి ముద్ద చేసి, దాని మీద ఒక రకం బూజును పెంచుతాయి. ఆ బూజుపోగుల చివర్లు చిన్న చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. చీమల పిల్లపురుగులకు అదే తిండి. పెద్ద చీమలు మాత్రం ఆకు కోసేటప్పుడు ఊరే రసం కూడా తాగుతాయి. 1874లో థామస్ బెల్ట్ అనే ఇంగ్లీషు గనుల ఇంజనీరు, నికరాగువాలో ఈ గూళ్ళు తవ్వి చూసి, ఆకులన్నీ బూజు పంటకు ఎరువేనని రాశాడు. 1893లో ఆల్ఫ్రెడ్ మోలర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్రెజిల్‌లో దాన్ని రుజువు చేశాడు. ఇదంతా మనకు మరీ కొత్తేం కాదు. మన చేలగట్ల మీది పుట్టల్లో చెదపురుగులు చేసేది కూడా బూజు సేద్యమే. వానలు పడ్డాక పుట్ట మీద లేచే గొడుగులు ఆ తోటలోంచి వచ్చినవే.

ఇక ఇంటి సంగతి. ముందు ఏ చీమో తేల్చుకోవాలి. వీటిలో రెండు పెద్ద రకాలున్నాయి, అట్టా అని ఒకటి, అక్రోమిర్మెక్స్ అని ఒకటి. ముదిరిన అట్టా గూడులో చీమలు లక్షలు దాటి పోతాయి. బ్రెజిల్‌లో అట్టా గూడు ఒకటి తవ్వితే పంతొమ్మిది వందల పైచిలుకు గదులు బయటపడ్డాయి, చీమలు పైకి తోడిపోసిన మట్టి సుమారు 40 టన్నులు. దీన్ని పడకగదిలో బల్ల మీద పెంచుదామనుకునేవాణ్ణి నేనైతే ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడతాను. అక్రోమిర్మెక్స్ కాస్త అదుపులో ఉండే జాతి. అందుకే ఇళ్ళలో పెంచేవాళ్ళు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. రాణి పదేళ్ళ దాకా బతకగలదు కాబట్టి ఇది ఒక వేసవి సెలవుల సరదా కాదు.

తోట ఉండే గది మొదట చిన్నదిగానే ఉండాలి. లోపల తోట నిమ్మకాయంత ఉన్నప్పుడు బకెట్టంత పెట్టె ఇస్తే తేమ నిలవదు, చీమలు దాన్ని కాపాడుకోలేక అలిసిపోతాయి. లీటరు పట్టే పారదర్శకమైన పెట్టె చాలు. అది నిండుతున్నప్పుడు పక్కన ఇంకో పెట్టె పెట్టి గొట్టంతో కలపాలి. మట్టి పోయనక్కర్లేదు. తోట ఖాళీ పెట్టెలో కూడా తనంతట తనే స్పాంజి ముద్దలా కట్టుకుంటుంది. అడుగున తడి గులకరాళ్ళో కాల్చిన బంకమట్టి ఉండలో పలుచగా పరిస్తే సరిపోతుంది.

ఈ గదిలో గాలి తేమ 90 శాతం పైనే ఉండాలి, వేడి 25 డిగ్రీల దగ్గర నిలవాలి. 30 దాటి కొన్నాళ్ళు గడిస్తే బూజు నీరసిస్తుంది. తేమ కావాలి కదా అని పైనుంచి నీళ్ళు చిలకరించకూడదు. మూత కింద పట్టిన చెమట చుక్కలు తోట మీద పడితే, పడినచోట కుళ్ళు మొదలవుతుంది. అందుకని మూతను కొంచెం వాలుగా అమర్చి నీటిచుక్కలు పక్కకు జారేలా చేస్తారు. వేడి పలకను కూడా అడుగున పెట్టరు, పక్కన పెడతారు. అడుగునుంచి వేడి తగిలితే కింద ఎండుతుంది, పైన చెమర్చుతుంది. గాలి ఆడడానికి రంధ్రాలు తప్పనిసరి. లోపల బూజు, చీమలు కలిసి విడిచే బొగ్గుపులుసు వాయువు బయటికి పోవాలి.

అందరూ చివరికి వదిలేసేది చెత్త గది. నా మటుకు నేను దాంతోనే మొదలుపెట్టమంటాను. తోటకు పైన కొత్త ఆకు చేరుతుంటే కింద పాతది వాడిపోయి పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. చీమలు ఆ పాత ముద్దను, చచ్చిన తోటి చీమలను మోసుకెళ్ళి దూరంగా పారేస్తాయి. ఊరికే శుభ్రం కోసం కాదు. ఎస్కోవోప్సిస్ అనే పరాన్న బూజు ఒకటుంది, అది తోటను మొత్తం తినేయగలదు. దాని బీజాలు ఆ చెత్తలో చేరుతుంటాయి. అట్టా చీమల్లో చెత్త దగ్గర పనిచేసేవి వేరే ఉంటాయి. అవి తోటవైపు వస్తే మిగతా చీమలు మీదపడి తరిమేస్తాయని పరిశోధకులు చూశారు. అక్రోమిర్మెక్స్‌కు ఇంకో రక్షణ ఉంది. వాటి ఒంటి మీద తెల్లటి పొడిలా కనిపించే బాక్టీరియా, ఆ పరాన్న బూజును అణిచే మందును తయారుచేస్తుందని 1999లో బయటపడింది.

కాబట్టి చెత్త గది తోటకు దూరంగా, పొడిగా ఉండాలి. విడిగా ఊడదీసి శుభ్రం చేయడానికి వీలుండాలి. అలాంటి చోటు చూపించకపోతే చీమలు మేత పళ్ళెంలోనే మూల చూసుకుంటాయి, ఆ తర్వాత వాటి మనసు మార్చడం మన తరం కాదు.

మేత పళ్ళెం అంటే మనం ఆకులు వేసే చోటు. దీన్ని ఎంత దూరంగా పెడితే చూసేవాళ్ళకు అంత పండగ. గొట్టానికి బదులు తాడు కడితే ఆకుల ఊరేగింపంతా కళ్ళెదుటే సాగుతుంది. జంతు ప్రదర్శనశాలల్లో చేసేది ఇదే. గొట్టమే వాడితే వెడల్పు రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే ఎదురెదురుగా వచ్చిన ఆకుముక్కలు ఇరుక్కుంటాయి.

అవి తప్పించుకోవడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వాటి దవడల అంచుల్లో జింకు ధాతువు ఉంటుంది. మెత్తని ప్లాస్టిక్కు, సిలికాన్ అతుకులు, నైలాన్ జాలి వాటికి లెక్కలేదు. గాజు, మందపాటి అక్రిలిక్, సన్నని కన్నాలున్న స్టీలు జాలి ఉండాలి. పళ్ళెం అంచుకు జారుడు పూత పూస్తారు. టాల్కమ్ పౌడరును స్పిరిట్‌లో కలిపి పూసినా కొన్నాళ్ళు పనిచేస్తుంది. కానీ గాలిలో తేమ పెరిగితే ఆ పూత పట్టు తప్పుతుంది. అన్నిటికంటే నమ్మకమైనది మన వంటింటి ఉపాయమే. లడ్డూల డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టి చీమల్ని రానివ్వం కదా, అక్కడ అదే తిరగేసి, మొత్తం గూడును నీళ్ళ మధ్య పెట్టి చీమల్ని పోనివ్వరు.

ఆకు ఎక్కడినుంచి తేవాలి? ఇంగ్లండులో వేసవిలో చిక్కేమీ ఉండదు, గులాబీ రేకులు, ప్రివెట్ కంచె ఆకులు, ఓక్ ఆకులు దొరుకుతాయి. జనవరి మాటేమిటి? అక్కడివాళ్ళు చలికాలంలోనూ పచ్చగా నిలిచే బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదల్ని ముందే చూసి పెట్టుకుంటారు. ఆపిల్ ముక్కలు, ఓట్స్ అటుకులు కూడా వేస్తారు. అంగట్లో కొన్న పూలు మాత్రం వేయకూడదు. వాటి మీద చల్లిన బూజునాశక మందు చీమను చంపకపోయినా తోటను చంపుతుంది. ఇంకో వింత ఉంది. తోటకు పడని ఆకును చీమలు మొదటిరోజు ఇష్టంగానే మోసుకొస్తాయి. తోట బాధపడ్డాక, ఒకట్రెండు రోజుల్లో, ఆ ఆకును ముట్టడం మానేస్తాయి. ఆ తర్వాత చాలా రోజుల దాకా దాని జోలికి పోవు. అందుకే ఎప్పుడూ ఒకే రకం ఆకు మీద ఆధారపడకుండా రెండు మూడు రకాలు అందుబాటులో ఉంచుకోవాలి.

ఇది విని మనం కూడా తెప్పించుకుందామా అంటే కుదరదు. పంటలను పాడుచేసే పురుగుల మీద మన దేశంలో ఉన్న 1914 నాటి చట్టం, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటి కీటకాలను దేశంలోకి తేరాదు. ఆ కట్టడి అనవసరమైంది కాదు. కరీబియన్ సముద్రంలోని గ్వాదలూప్ దీవిలో ఈ అక్రోమిర్మెక్స్ చీమ మొదట్లో లేదు. 1954లో మొదటిసారి కనిపించింది, తర్వాత పంటలకూ అడవికీ పెద్ద బెడదైంది. అమెరికాలో కూడా వ్యవసాయ శాఖ అనుమతి లేకుండా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వీటిని తరలించకూడదు. టెక్సస్‌లో ఆస్టిన్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్ళు పెంచనక్కర్లేకుండానే వీటిని చూడొచ్చు, అవి అక్కడి నేలలోనే ఉన్నాయి.

మరి రాణి చనిపోతే? అవి ఇంకో రాణిని తయారు చేసుకోలేవు. కూలిచీమలు కొన్ని నెలలు తోటను లాక్కొస్తాయి, క్రమంగా తగ్గిపోతాయి. అప్పుడు మిగిలిన తోటను, చెత్తను, చీమల్ని పెరటి ఎరువుగుంటలో పడేయరు. పెట్టెతో సహా ఫ్రీజరులో ఉంచి, అన్నీ చచ్చాయని తేలాకే పారేస్తారు. చెత్త గదిని శుభ్రం చేసిన ప్రతిసారీ కూడా పద్ధతి ఇదే. పెంపకానికి దిగేవాళ్ళు ఫ్రీజరులో ఒక అర వీటికి విడిగా ఉంచుకోవాలి. దానికి ఇంట్లోవాళ్ళను ముందే ఒప్పించుకోవడం మంచిది.

సెలవు, నమస్కారం.